మార్క్‌స్ట్రమ్‌ని పంపేసి కుర్రాడికి నెట్ అప్పగించారేంటి? కాల్గరీ ఫ్లేమ్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కాల్గరీలో మనవాళ్ళ పాట్‌లక్ ఎక్కడ జరిగినా సరే, బిర్యానీ అయిపోయి పెరుగన్నంలోకి వచ్చేసరికి మాట ఎలాగోలా ఈ ఊరి హాకీ టీమ్ ఫ్లేమ్స్ మీదకి మళ్ళుతుంది, అప్పుడు అందరూ నా వైపే చూస్తారు, ఎందుకంటే ఈ ఊళ్ళో దిగిన మొదటి చలికాలంలోనే నాకు ఈ పిచ్చి అంటుకుంది, ఇంక వదల్లేదు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఇలా ఒకచోట పెడుతున్నా. హాకీ అంటే ఇక్కడ ఐస్ హాకీ, మన ధ్యాన్‌చంద్ హాకీ కాదు, అది ముందే చెప్పేస్తే ఒక ప్రశ్న తగ్గుతుంది.

ముందు రెండు ముక్కల్లో చెప్పు, అసలేం జరిగింది?

2024 జూన్ 19న ఫ్లేమ్స్ వాళ్ళు తమ నంబర్ వన్ గోలీ, అంటే గోల్‌కీపర్, జేకబ్ మార్క్‌స్ట్రమ్‌ని న్యూజెర్సీ డెవిల్స్‌కి ట్రేడ్ చేసేశారు. బదులుగా కెవిన్ బాల్ అనే డిఫెన్స్‌మన్, 2025 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట) ఒక ఫస్ట్ రౌండ్ పిక్, అంటే మొదటి రౌండ్‌లో ఒకణ్ణి ఎంచుకునే వంతు, వచ్చాయి. ఖాళీ అయిన నెట్‌లో 23 ఏళ్ళ డస్టిన్ వుల్ఫ్‌ని నిలబెట్టారు.

ఒక్క గోలీ మారితే ఇంత రచ్చ దేనికి?

హాకీలో మిగతా వాళ్ళందరూ ముప్పై నలభై సెకన్లు ఆడి బెంచ్ మీదకి వచ్చి ఊపిరి పీల్చుకుంటారు. గోలీ మాత్రం అరవై నిమిషాలూ అక్కడే. వెనక నెట్ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎదురుగా వచ్చే పక్, అంటే బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ, కళ్ళకి కనపడితే అదృష్టం, ఎందుకంటే ముందర మనోళ్ళూ వాళ్ళోళ్ళూ కలిసి నలుగురైదుగురు అడ్డంగా తోసుకుంటూ ఉంటారు. క్రికెట్‌లో కీపర్ ఒక బంతి వదిలితే నాలుగు బైస్ పోతాయి, తర్వాత ఓవర్లో సర్దుకోవచ్చు, ఇక్కడ మ్యాచ్ మొత్తానికి మూడు గోల్స్ కొడితేనే ఎక్కువ, అందులో ఒకటి చేతులారా వదిలితే మిగతా పద్దెనిమిది మంది కష్టం గంగపాలు.

ఇంకోటి, లెక్కలు వినేటప్పుడు సేవ్ పర్సంటేజ్ అనే మాట వస్తూ ఉంటుంది. 0.910 అంటే నూరు షాట్లొస్తే 91 ఆపాడని. ఈమధ్య లీగ్ మొత్తం సగటు 0.900 దగ్గర ఆడుతోంది. అంటే మంచి గోలీకి మామూలు గోలీకి తేడా నూటికి ఒక్క షాట్, ఆ ఒక్క షాటే కోట్ల డాలర్లు.

మార్క్‌స్ట్రమ్ అంత మంచోడైతే ఎందుకు వదులుకున్నారు మరి?

మంచోడే, అందులో అనుమానమే లేదు. 2020లో ఆరేళ్ళకి 3 కోట్ల 60 లక్షల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. 2021-22లో 37 గెలుపులు, 9 షటౌట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు), బెస్ట్ గోలీకిచ్చే వెజీనా ట్రోఫీ ఓట్లలో రెండో స్థానం. ఆరడుగుల ఆరంగుళాల స్వీడన్ మనిషి, మోకాళ్ళ మీద కూర్చున్నా నెట్ పైకప్పు కనపడేది కాదు, ఆ ఏడాది ఆయన్ని చూసినవాళ్ళు మర్చిపోరు.

కానీ చుట్టూ టీమ్ విడిపోతూ వచ్చింది. 2022 వేసవిలో స్టార్ ఫార్వర్డ్‌లు జానీ గాడ్రో, మాథ్యూ కచక్ ఇద్దరూ వెళ్ళిపోయారు. 2023 మేలో క్రెయిగ్ కాన్రాయ్ జనరల్ మేనేజర్ అయ్యాడు, ఆయన చేతికొచ్చేసరికి కాంట్రాక్ట్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళు బోలెడుమంది. జడోరోవ్ 2023 నవంబర్లో వాంకూవర్‌కి, లిండ్‌హోమ్ జనవరిలో అదే వాంకూవర్‌కి, టానెవ్ ఫిబ్రవరిలో డాలస్‌కి, హానిఫిన్ మార్చిలో వేగస్‌కి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు సంత అయిపోయాక దుకాణాలు మూసినట్టు వెళ్ళిపోయారు. ముందున్న డిఫెన్స్ సగం ఖాళీ అయ్యాక 34 ఏళ్ళ గోలీని ఇంకా పట్టుకుని కూర్చుంటే ఏంటి లాభం? ఆయనకి కప్, అంటే లీగ్ ఛాంపియన్‌కిచ్చే స్టాన్లీ కప్, కావాలి, టీమ్‌కి టైమ్ కావాలి. రెండూ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో కుదరవు.

పైగా ఆయన కాంట్రాక్ట్‌లో నో మూవ్ క్లాజ్ ఉంది, అంటే ఆయన ఊ అంటేనే ఎక్కడికైనా పంపగలరు. 2024 మార్చిలో ట్రేడ్‌ల డెడ్‌లైన్ ముందు న్యూజెర్సీతో మాటలు నడిచాయి, చివర్లో కుదరలేదు, ఆ తర్వాత ఆయన మీడియా ముందే జరిగిన తీరు నాకు నచ్చలేదు, పైవాళ్ళు ఇంకోలా చేసుండాల్సింది అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. ఇంత జరిగాక ఇంకో రెండేళ్ళు ఏం కాపురం చేస్తారు.

జీతంలో కొంత కాల్గరీయే కట్టిందట కదా, మనిషినిచ్చి డబ్బులు కూడా ఇవ్వడమేంటి?

కట్నమిచ్చి పంపినట్టుందని మా ఆవిడ అంది, అది నిజమే. ఏడాదికి 60 లక్షల డాలర్ల క్యాప్ (జీతాల సీలింగ్) లెక్కలో న్యూజెర్సీ మీద పడేది 41 లక్షల 25 వేలు, మిగతా 18 లక్షల 75 వేలు కాంట్రాక్ట్‌లో మిగిలిన రెండేళ్ళూ కాల్గరీ లెక్కలోనే ఉంటుంది. లీగ్‌లో ప్రతి టీమ్‌కీ జీతాల సీలింగ్ ఉంది, 2024-25కి అది 8 కోట్ల 80 లక్షలు, దానికి దగ్గరగా ఉన్న టీమ్‌కి మనిషిని అమ్మాలంటే బరువు కొంత మనమే మొయ్యాలి. అలా మోస్తేనే అవతలివాళ్ళు ఫస్ట్ రౌండ్ పిక్ ఇస్తారు. కాల్గరీకి అప్పుడు సీలింగ్ కింద చోటుకి కొదవలేదు కాబట్టి నష్టమేం లేదు. ఆ పిక్‌తోనే 2025లో 18వ నంబర్లో కోల్ రెష్నీ అనే సెంటర్‌ని తీసుకున్నారు.

ఇంతకీ ఈ వుల్ఫ్ ఎవరు?

ఇక్కడ బే ఏరియాలో ఉండొచ్చిన తెలుగువాళ్ళకి ఒక చిన్న సంతోషం. వుల్ఫ్ పుట్టింది కాలిఫోర్నియాలో గిల్‌రాయ్‌లో. అవును, మీరు థాంక్స్‌గివింగ్‌కి అర్ధరాత్రి అవుట్‌లెట్ మాల్‌కి వెళ్ళి లైన్లో నిలబడ్డ ఆ గిల్‌రాయే, కారు అద్దం దించితే వెల్లుల్లి వాసన కొట్టే ఊరు. అలాంటి ఎండల ఊళ్ళోంచి ఎన్‌హెచ్‌ఎల్, అంటే ఫ్లేమ్స్ ఆడే ఈ పెద్ద లీగ్, గోలీ రావడమే ఒక వింత.

2019 డ్రాఫ్ట్‌లో అతన్ని తీసుకుంది ఏడో రౌండ్‌లో, 214వ నంబర్లో. మొత్తం తీసుకున్నది 217 మందిని. అంటే ఇంకో ముగ్గురి పేర్లు పిలిస్తే కుర్చీలు సర్దేస్తారు, అలాంటి టైమ్‌లో. అప్పటికే జూనియర్ హాకీలో ఎవరెట్ టీమ్‌కి నెట్‌లో అదరగొడుతున్నాడు, ఆ మరుసటి ఏడాది కెనడా మేజర్ జూనియర్ మొత్తానికి బెస్ట్ గోలీ అవార్డు కూడా కొట్టాడు, అయినా 31 టీమ్స్ ఏడు రౌండ్లు ఊగిసలాడాయి. కారణం ఒక్కటే, ఎత్తు.

ఆరడుగుల మనిషి పొట్టోడెలా అవుతాడు బాబూ?

ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, అడిగేవాళ్ళలో చాలామంది నాలాగే అయిదున్నర అడుగులు. కానీ ఇప్పటి ఎన్‌హెచ్‌ఎల్ గోలీల్లో ఆరడుగుల మూడు నాలుగు అంగుళాలు మామూలైపోయింది. మార్క్‌స్ట్రమ్ తర్వాత వుల్ఫ్‌ని చూస్తే ద్వారబంధం తీసేసి కిటికీ పెట్టినట్టుంటుంది.

తేడా ఎక్కడుందో ఒకసారి వార్మప్‌లో గ్లాస్ పక్కన నిలబడి చూశాను. అందరికంటే ముందు వచ్చి స్కేట్ల అంచులతో క్రీజ్, అంటే నెట్ ముందు గోలీ నిలబడే చోటు, అంతా అడ్డంగా గీకుతాడు, ఈ పక్క నుంచి ఆ పక్కకి, మళ్ళీ ఆ పక్క నుంచి ఈ పక్కకి, నున్నటి ఐస్ గరుకుగా అయ్యేదాకా, గీకిన పొడి పోస్ట్‌ల పక్కకి తోసేస్తాడు. గోలీలందరూ చేసేదే, కాకపోతే ఈ మనిషికి అదే ప్రాణం. పెద్ద శరీరమున్న గోలీ మోకాళ్ళ మీద పడితే చాలు, పక్ వచ్చి అతనికే తగుల్తుంది. చిన్నోడు అలా కూర్చుంటే భుజాల మీద ఖాళీ కనపడిపోతుంది, అందుకని నిలబడి ఉన్నంతసేపూ నిలబడే ఉండాలి, పాస్ ఎటు పోతుందో కర్ర తగలకముందే పసిగట్టి అక్కడికి ముందే చేరిపోవాలి. ఇతను సేవ్ చేసేటప్పుడు ఎగిరి పడటం, గాల్లో తేలటం పెద్దగా కనపడదు. పక్ వచ్చేసరికి అక్కడే ఉంటాడు, అంతే. మొదట్లో చూసేవాళ్ళకి షాట్లు నేరుగా ఇతని మీదకే కొడుతున్నారేంటి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, చాలా మ్యాచ్‌లు పట్టింది అర్థం కావడానికి.

అయితే అదృష్టం మీద వదిలేశారా, గుడ్డిగా నమ్మారా?

లేదు, నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. కుర్రాళ్ళని నమ్ముతున్నాం అని ప్రెస్ మీట్‌లో ఎవడైనా అంటాడు. నమ్మకం అంటే రెండు పనులు. ఒకటి, ముందు చాలాకాలం కింద లీగ్‌లో వండాలి. రెండు, పైకి తెచ్చాక పక్కన ఇంకో పెద్దమనిషిని ఇన్సూరెన్స్‌లా కొని పెట్టకూడదు. కాల్గరీ రెండూ చేసింది.

మొదటిది చూడండి. వుల్ఫ్ ఏహెచ్‌ఎల్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు కిందున్న లీగ్‌లో, ముందు స్టాక్టన్‌లో ఆడాడు, 2022లో ఆ టీమ్‌నే కాల్గరీకి తెచ్చి వ్రాంగ్లర్స్ అని పేరు మార్చాక ఇక్కడ ఆడాడు. రెండేళ్ళు వరసగా ఆ లీగ్‌లో బెస్ట్ గోలీ. 2022-23లో 42 గెలుపులు, 0.932 సేవ్ పర్సంటేజ్, లీగ్ మొత్తానికి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ కూడా అతనే, గోలీకి ఆ అవార్డు రావడం అరుదు. అంత చేసినా వెంటనే పైకి లాగలేదు. 2023 ఏప్రిల్ 12న, ఫ్లేమ్స్ ప్లేఆఫ్స్ నుంచి ఎలాగూ పోయాక, సీజన్ చివరి మ్యాచ్ ఒక్కటి ఇచ్చారు, శాన్ హోసే మీద 3-1తో గెలిచాడు. 2023-24లో పైకీ కిందకీ తిప్పుతూ ఉన్నారు, కొన్నిసార్లు దారుణంగా తిన్నాడు కూడా. ఒకే బిల్డింగ్ కాబట్టి సామాను సర్దుకుని ఊరు మారే పని లేదు, రెండు టీమ్‌లూ ఆడే సాడిల్‌డోమ్ అరీనాలోనే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి.

రెండోది, 2024 జులైలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ అయిపోయినవాళ్ళని కొనుక్కునే సీజన్) తెరిచినప్పుడు అందరం ఎవడో ఒక 35 ఏళ్ళ గోలీని తెస్తారనే అనుకున్నాం. కాల్గరీ అలవాటే అది. మీకా కిప్రుసాఫ్ 2013లో రిటైర్ అయ్యాక హిల్లర్, రామో, ఎలియట్, మైక్ స్మిత్, టాల్బట్, తర్వాత మార్క్‌స్ట్రమ్, అందరూ వేరే ఊళ్ళో పేరు తెచ్చుకుని వచ్చినవాళ్ళే, మధ్యలో రిట్టిచ్ ఒక్కడు కాస్త మనింటి మనిషి. ఆమాటకొస్తే కిప్రుసాఫ్ కూడా శాన్ హోసే నుంచి కొన్నదే. సొంతంగా డ్రాఫ్ట్ చేసి పెంచి నెట్ మొత్తం అప్పగించిన గోలీ ఎవరంటే వెనక్కి వెళ్ళి 1990ల్లో ట్రెవర్ కిడ్ దగ్గరో, 1989లో కప్ గెలిపించిన మైక్ వెర్నన్ దగ్గరో ఆగాలి, వెర్నన్ కాల్గరీలోనే పుట్టినవాడు. ఈసారి మాత్రం అలాంటి పెద్దమనిషినెవర్నీ కొనలేదు. వుల్ఫ్, అప్పటికే ఉన్న బ్యాకప్ గోలీ వ్లాదార్, ఇద్దరే. మొదట్లో చెరిసగం, పోనుపోను వుల్ఫ్ చేతికి. నా దృష్టిలో ఆ కొనకపోవడమే అసలు నిర్ణయం, ట్రేడ్ కాదు.

మొదటి ఏడాది ఎలా ఆడాడు?

53 మ్యాచ్‌లు, 29 గెలుపులు, 16 ఓటములు, ఇంకో 8 ఓవర్‌టైమ్ లేదా షూటౌట్‌లో పోయినవి. 0.910 సేవ్ పర్సంటేజ్, మ్యాచ్‌కి సగటున 2.64 గోల్స్ ఇచ్చాడు. ముందున్నది గోల్స్ కొట్టడంలో లీగ్‌లో అట్టడుగున ఉన్న టీమ్‌ల్లో ఒకటి అని గుర్తుంచుకోండి, అంటే రెండు గోల్స్ ఇస్తే గెలుపు, మూడిస్తే డౌటు, నాలుగిస్తే ఇంటికి. ఏడాదంతా ఆ గీత మీదే నడిచాడు.

కొత్త ఆటగాళ్ళకిచ్చే కాల్డర్ ట్రోఫీ ఫైనలిస్టుల్లో ఒకడయ్యాడు, ట్రోఫీ మాంట్రియాల్ డిఫెన్స్‌మన్ లేన్ హట్సన్‌కి వెళ్ళింది, వుల్ఫ్ రెండో స్థానం, శాన్ హోసే సెలెబ్రీని మూడు. నేనైతే వుల్ఫ్‌కే ఇచ్చేవాణ్ణి, కానీ నా మాటలో పక్షపాతం ఉంది, లెక్కలోకి తీసుకోకండి.

96 పాయింట్లొచ్చినా ప్లేఆఫ్స్ మిస్సయ్యారట, అదెలా?

ఆ రాత్రి గురించి అడగొద్దంటే అడుగుతారు. గెలిస్తే రెండు పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. ఫ్లేమ్స్ 41 గెలిచి, 27 ఓడి, 14 అలా అదనపు టైమ్‌లో పోగొట్టుకుని 96కి చేరారు. సెయింట్ లూయిస్ బ్లూస్‌కీ 96. సమానమైతే మొదట చూసేది అరవై నిమిషాల్లోపే గెలిచినవెన్ని అని. బ్లూస్‌కి 32, మనకి 31. ఒక్కటి. 82 మ్యాచ్‌లాడి ఒక్కటి.

2025 ఏప్రిల్ 15, మంగళవారం. ఫ్లేమ్స్ ఇక్కడ వేగస్‌తో, బ్లూస్ అక్కడ యూటాతో. టీవీలో మనది, ఫోన్‌లో వాళ్ళది, ఫోన్‌ని ఆవకాయ జాడీకి ఆనించి పెట్టుకున్నా, అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. బ్లూస్ ఒకటి కొట్టారు, ఇంకోటి, ఇంకోటి, ఆరు దాకా. 6-1. ఇక్కడ మనోళ్ళు షూటౌట్ దాకా వెళ్ళి 5-4తో గెలిచారు కూడా, గెలిచి కూడా పోయారు. మా చిన్నాడు ఎనిమిదేళ్ళవాడు, నాన్నా మనం గెలిచాం కదా ఎందుకేడుస్తున్నారు అని టీవీలో జనాన్ని చూపించి అడిగాడు, రెగ్యులేషన్ విన్స్ అంటే ఏంటో ఆ టైమ్‌లో వాడికి చెప్పే ఓపిక లేక పడుకోరా అన్నాను.

ప్లేఆఫ్స్‌కి వెళ్ళని టీమ్‌కి 96 కంటే ఎక్కువ పాయింట్లు అప్పటిదాకా రాలేదు. సరిగ్గా 96తో ఇంటికెళ్ళిన బాధితుల్లో బోస్టన్, ఫ్లోరిడా, మాంట్రియాల్ కూడా ఉన్నాయి, ఆ లిస్ట్‌లో మనమూ చేరాం.

మార్క్‌స్ట్రమ్ ఉండుంటే ఆ ఒక్క మ్యాచ్ గెలిచేవాళ్ళేమో కదా?

ఏమో, ఉండొచ్చు. కానీ ఆ ఏడాది న్యూజెర్సీలో ఆయన సేవ్ పర్సంటేజ్ 0.900, వుల్ఫ్‌ది 0.910. టీమ్‌లు వేరు, షాట్లు వేరు, పక్కపక్కన పెట్టి చూడకూడదని నాకూ తెలుసు. జనవరిలో ఆయనకి మోకాలి దెబ్బ కూడా తగిలింది. డెవిల్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళి మొదటి రౌండ్‌లో కరోలినా చేతిలో అయిదు మ్యాచ్‌ల్లో ఓడిపోయారు. ఆయన వెళ్ళినందుకు ఆయనకీ నష్టం లేదు, పంపినందుకు మనకీ లేదు. ఇలాంటి ట్రేడ్‌లు అరుదు, సాధారణంగా ఎవరో ఒకరు మునుగుతారు.

గోలీ ఒక్కడేనా, మిగతా కుర్రాళ్ళ సంగతేంటి?

మాట్ కొరొనాటో, 2021లో 13వ పిక్, హార్వర్డ్‌లో ఆడొచ్చినవాడు. 2024-25 మొదట్లో కొన్నాళ్ళు వ్రాంగ్లర్స్‌కి పంపేశారు, తిరిగొచ్చి 24 గోల్స్ కొట్టాడు, దెబ్బకి ఏడేళ్ళ కాంట్రాక్ట్, ఏడాదికి 65 లక్షల డాలర్లు. కానర్ జారీ అని ఇంకోడు, దెబ్బలు తగలకపోతే బావుంటాడు. జేన్ పారెక్ అనే డిఫెన్స్‌మన్‌ని 2024లో తొమ్మిదో పిక్‌తో తీసుకున్నారు, ప్లేఆఫ్స్ ఆశ పోయిన రెండ్రోజులకి లాస్ ఏంజెలెస్‌లో మొదటి మ్యాచ్ ఆడించారు, అందులోనే గోల్ కొట్టాడు, ఆ గోల్ చూశాక రాత్రి కాస్త నిద్ర పట్టింది.

అయితే పిల్లల మీదే నడిచిందనుకోకండి. ఆ ఏడాది 35 గోల్స్ కొట్టింది 34 ఏళ్ళ నాజిమ్ కాద్రి. కెప్టెన్ బ్యాక్‌లండ్‌కి 36 ఏళ్ళు. పెద్దోళ్ళు కొందరు ఇంట్లో ఉండబట్టే పిల్లలకి ఆడే ధైర్యం వస్తుంది, కోచ్ రయన్ హస్కా కూడా ఆ పెద్దోళ్ళనే ఎక్కువ నమ్ముకున్నాడని కొందరి గొణుగుడు. నాకూ కొన్ని రాత్రులు ఆ గొణుగుడు సబబే అనిపించింది.

వేరే టీమ్‌లు ఇలా చేసి బాగుపడ్డాయా?

రెండు రకాలూ ఉన్నాయి, ముందు చెడ్డది చెప్తా. 1995 డిసెంబర్ 2న మాంట్రియాల్‌లో డెట్రాయిట్ మీద మాంట్రియాల్ గోలీ పాట్రిక్ రోయ్ 26 షాట్లకి 9 గోల్స్ తిన్నాడు, కోచ్ మారియో ట్రెంబ్లే అంతసేపు బయటికి తియ్యలేదు. మ్యాచ్ 11-1. చివరికి తీశాక రోయ్ బెంచ్ వెనక కూర్చున్న ప్రెసిడెంట్ రోనల్డ్ కోరీ దగ్గరికే వెళ్ళి మాంట్రియాల్‌లో ఇదే నా ఆఖరి మ్యాచ్ అని చెప్పేశాడు. నాలుగు రోజుల్లో కొలరాడోకి ట్రేడ్. వచ్చినవాళ్ళలో 20 ఏళ్ళ గోలీ జోసెలిన్ తిబో. పాపం కుర్రాడు, రెండు కప్పులు తెచ్చిన దేవుడి స్థానంలో, కోపంలో నాలుగు రోజుల్లో చేసిన బేరంలో వచ్చి నిలబడ్డాడు. ఆ సీజన్లోనే కొలరాడో కప్ గెలిచింది, తిబోని మూడేళ్ళలో షికాగోకి పంపేశారు. అక్కడ కుర్రాణ్ణి నమ్మింది ఎవరూ లేదు, ఇరుక్కుని నిలబెట్టారు.

అదే మాంట్రియాల్ 2010లో తిరగేసి చేసింది. ప్లేఆఫ్స్‌లో వాషింగ్టన్‌ని, పిట్స్‌బర్గ్‌ని ఇంటికి పంపిన గోలీ హలాక్‌ని, వాషింగ్టన్ మీద ఒక్క మ్యాచ్‌లో 53 సేవ్‌లు చేసినవాణ్ణి, సెయింట్ లూయిస్‌కి అమ్మేసి 22 ఏళ్ళ కేరీ ప్రైస్‌ని ఉంచుకున్నారు. హలాక్ కూడా ముసలోడేం కాదు, 25 ఏళ్ళే. ఊరు ఊరంతా తిట్టింది. ప్రైస్ మరుసటి సీజన్లో 72 మ్యాచ్‌లాడి 38 గెలిచాడు, 2015లో హార్ట్ (లీగ్ మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ట్రోఫీ), వెజీనా రెండూ ఎత్తుకుపోయాడు. తిట్టినవాళ్ళే జెర్సీలు కొన్నారు.

ఇంకోటి మనకి బాగా దగ్గరిది. మార్క్‌స్ట్రమ్ ట్రేడైన అయిదు రోజులకే బోస్టన్ వాళ్ళు 2023 వెజీనా గెలిచిన లైనస్ ఉల్‌మార్క్‌ని అటావాకి పంపి జెరెమీ స్వేమన్‌కి నెట్ ఇచ్చారు. స్వేమన్ అప్పటికే ఎన్‌హెచ్‌ఎల్‌లో నిరూపించుకున్నవాడు, వుల్ఫ్ కంటే నూరు రెట్లు సేఫ్ అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. కానీ కాంట్రాక్ట్ గొడవతో ట్రెయినింగ్ క్యాంప్ మొత్తం పోయింది, అక్టోబర్ మొదటి వారంలో ఎనిమిదేళ్ళకి 6 కోట్ల 60 లక్షలకి సంతకం పెట్టాడు, ఆ ఏడాది 0.892, బోస్టన్ 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ మిస్. అటావా 2017 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌లో. ఒకే వారం, ఒకే రకం బేరం, రెండు దారులు. గోలీల విషయంలో జ్యోతిష్యం చెప్పేవాణ్ణి నమ్మొద్దు, నాతో సహా.

వుల్ఫ్‌కి ఇచ్చిన కొత్త కాంట్రాక్ట్ ఎక్కువ కాదూ?

2025 సెప్టెంబర్లో ఏడేళ్ళకి 5 కోట్ల 25 లక్షల డాలర్లు, ఏడాదికి 75 లక్షలు, 2026-27 నుంచి మొదలు. అప్పటిదాకా పాత కాంట్రాక్టే, ఏడాదికి 8 లక్షల 50 వేలు. ఒక్క పూర్తి సీజన్ ఆడినవాడికి ఇది పెద్ద మొత్తమే. కాకపోతే జీతాల సీలింగ్ కూడా 2025-26కే 9 కోట్ల 55 లక్షలకి ఎగబాకింది, ఇంకా పెరుగుతుంది. మూడేళ్ళ తర్వాత ఇది చవక బేరం అవ్వొచ్చు, గుదిబండ కూడా అవ్వొచ్చు. నేనైతే అయిదేళ్ళకి ఆగేవాణ్ణి.

2025-26 మొదట్లో వరసగా ఓడారు కదా, అప్పుడేమైంది నీ నమ్మకం?

తెలుసు, అందరూ ఫోన్ చేసి మరీ గుర్తుచేశారు. మొదటి మ్యాచ్ ఎడ్మంటన్‌లో 3-0 వెనకబడి షూటౌట్‌లో గెలిచాం, ఆ సంబరం తగ్గకముందే వరసగా ఎనిమిది ఓటములు. వుల్ఫ్ కూడా తిన్నాడు, చాలానే తిన్నాడు. ముందు గోల్స్ కొట్టేవాడు లేడు, వెనక ముందటేడు నూటికి 91 ఆపినవాడు ఇప్పుడు 88, 89 ఆపుతున్నాడు, ఆ రెండు మూడు షాట్లే తేడా. బ్యాకప్‌గా డెవిన్ కూలీ అని వ్రాంగ్లర్స్ నుంచే పైకొచ్చినవాడు. అప్పుడు కూడా బయటినుంచి ముసలి గోలీని పట్టుకురాలేదు, అది గమనించాను. గెలిచేటప్పుడు కుర్రాణ్ణి నెట్‌లో పెట్టడం ఎవరైనా చేస్తారు, ఎనిమిది ఓడాక తొమ్మిదో మ్యాచ్‌కి లైనప్‌లో అదే పేరు రాస్తారా లేదా, అక్కడే చూస్తాను నేను.

ఓడితే మంచిదే, టాప్ పిక్ వస్తుంది అంటారు కొందరు. నువ్వేమంటావ్?

ట్యాంకింగ్, అంటే మంచి పిక్ కోసం కావాలని ఓడటం గురించి. లెక్కప్రకారం వాళ్ళదే కరెక్ట్, 96 పాయింట్లతో మధ్యలో వేలాడితే ప్లేఆఫ్స్ లేవు, పెద్ద పిక్కూ లేదు, రెంటికీ చెడ్డ రేవడి. కాకపోతే టికెట్ కొనుక్కుని మైనస్ 25లో రైలు దిగి వెళ్ళినవాడికి ఈ లెక్క చెప్పి చూడండి. మంచి గోలీ ఉన్న టీమ్ సరిగ్గా ఓడటం కూడా చేతకాదు, అదొక ఇబ్బంది.

సరే, ఒకసారి చూడాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్లేమ్స్ టికెట్ ఖరీదు, పిల్లలతో వెళ్తే మరీ. ముందు వ్రాంగ్లర్స్ మ్యాచ్‌కి వెళ్ళండి, అదే సాడిల్‌డోమ్, చాలా తక్కువలో కింద వరసల్లో కూర్చోవచ్చు, రేపటి వుల్ఫ్ ఎవడో అక్కడే కనపడతాడు. సీట్రెయిన్ రెడ్ లైన్ ఎక్కి స్టాంపీడ్ దగ్గర దిగితే నడిచేంత దూరం. లోపల హీటింగ్ ఉంటుంది కదా అని పల్చటి జాకెట్‌తో వెళ్ళకండి, కింద వరసల్లో ఐస్ చలి మోకాళ్ళకి తగుల్తుంది. నెట్ వెనక సీట్ దొరికితే వదలొద్దు. వార్మప్‌కి అరగంట ముందే వెళ్ళి గోలీ క్రీజ్ గీకేటప్పుడు చూడండి, గ్లాస్ దగ్గర నిలబడితే ఆ గరగర శబ్దం వినపడుతుంది. 2027లో కొత్త అరీనా తెరిస్తే ఈ పాత జీను కప్పు బిల్డింగ్ ఉండదంటున్నారు, ఈలోపే ఒకసారి వెళ్ళండి. సమోసాలు లోపలికి రానివ్వరు, మేం ప్రయత్నించాం.